గేటు లేని యూనివర్సిటీలో మొదటి ఏడాది: మన పిల్లలకు స్నేహితులు ఎలా దొరుకుతారు?

ఆగస్టు వచ్చిందంటే న్యూజెర్సీలోని మన తెలుగు ఇళ్లలో ఒకటే హడావిడి. పిల్లలు కాలేజీకి బయల్దేరే నెల అది. కొత్త దుప్పట్లు, టేబుల్ లైటు, చిన్న ఫ్రిజ్, కందిపొడి, ఆవకాయ సీసా అన్నీ కారెక్కుతాయి. ఏ మేజర్, ఎన్ని క్రెడిట్లు, ఎంత లోను అనే లెక్కలు అప్పటికే అయిపోయి ఉంటాయి. ఒక్క విషయం మాత్రం ఇంట్లో ఎవరూ ఎత్తరు. అక్కడ పిల్లలకు స్నేహితులు ఎలా దొరుకుతారు? "దొరక్కేం, వేలమంది ఉంటారుగా" అనుకుంటాం.

మా ఇద్దరు పిల్లలూ న్యూయార్క్ యూనివర్సిటీలో, అంటే మనందరం ఎన్‌వైయూ అని పిలిచే చోట, చదివారు. పెద్దవాడు ఇంజనీరింగ్, చిన్నది ఎకనామిక్స్. నా ఆఫీసు కూడా ఆ దగ్గర్లోనే. మా ఊరి తెలుగు బడిలో నేను అక్షరాలు దిద్దించిన పిల్లల్లో కొందరు అక్కడా, ఇంకొందరు వేరే నగరాల్లోనూ చేరారు. వాళ్లలో చాలామంది ఇప్పటికీ ఫోన్ చేసి కబుర్లు చెబుతారు. వాళ్ల దగ్గర విన్నదీ, నేను చూసిందీ కలిపి, ఈ ఏడాది పిల్లల్ని పంపుతున్నవాళ్ల కోసం, వెళ్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను.

ఆ పిల్లల్లో ఒకబ్బాయి మొదటి సెమిస్టర్ కాగానే ఇంటికొచ్చేశాడు. అతను చేరింది ఎన్‌వైయూలో కాదు, మరో మహానగరంలోని పెద్ద యూనివర్సిటీలో. మార్కులు బాగానే వచ్చాయి. "శుక్రవారం సాయంత్రం నాతో కూర్చుని తినేవాళ్లు ఒక్కళ్లు లేరాంటీ. వారాలకు వారాలు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడకుండానే గడిచిపోయేవి" అన్నాడు. తర్వాత ఇంటి దగ్గరి కాలేజీలో చేరి కులాసాగానే ఉన్నాడు. కానీ ఆ నాలుగు నెలలు అతను పడ్డ బాధ అమ్మానాన్నలకు డిసెంబరు దాకా తెలియదు. రోజూ ఫోన్లో "బాగున్నా" అనే చెప్పాడు.

పెద్ద ఊరు పరిచయాలు బోలెడు ఇస్తుంది. ఆ పరిచయం స్నేహంగా మారడానికి కావలసిన సమయాన్ని మాత్రం ఎవరికి వాళ్లే కూడగట్టుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పేదంతా దాని చుట్టూనే.

ఊరే క్యాంపస్

ఎన్‌వైయూ 1831లో మొదలైంది. గ్రీనిచ్ విలేజ్‌లో వాషింగ్టన్ స్క్వేర్ పార్కు చుట్టుపక్కల వీధుల్లో దాని భవనాలు ఉంటాయి. ప్రహరీ లేదు, గేటు లేదు. ఊదారంగు జెండా కనిపిస్తే అది యూనివర్సిటీ భవనం. పక్కదాంట్లో ఎవరో కాపురం ఉంటారు, ఆ పక్కన పిజ్జా కొట్టు. అదే ఊళ్లో 116వ వీధి దగ్గరున్న కొలంబియా యూనివర్సిటీకి గేట్లు, మెట్లు, పచ్చిక ఉన్నాయి. ఎన్‌వైయూ పిల్లలకు పచ్చిక అంటే పార్కే. అది ఊరందరిదీ.

ఇంజనీరింగ్ చదివే టాండన్ స్కూలు నదికి అవతల, బ్రూక్లిన్‌లో ఉంది. మన చెన్నైలో పెరిగిన చంద్రిక టాండన్, ఆమె భర్త రంజన్ టాండన్ 2015లో 10 కోట్ల డాలర్లు విరాళం ఇచ్చినప్పటి నుంచి దానికి ఆ పేరు. మన తెలుగు పిల్లలు ఎక్కువగా చేరేది అందులోనే. వెస్ట్ ఫోర్త్ స్ట్రీట్ స్టేషన్‌లో ఏ, సీ, ఎఫ్ రైళ్లలో ఏది ఎక్కినా జే స్ట్రీట్ మెట్రోటెక్‌లో దిగొచ్చు. దూరం పెద్దగా లేకపోయినా, బ్రూక్లిన్‌లో క్లాసులుండి మాన్‌హట్టన్‌లో స్నేహితులున్న పిల్లలకు, లేదా అటుది ఇటైనవాళ్లకు, ప్రతి సాయంత్రం "వెళ్లాలా, వద్దా" అనే మీమాంస ఉంటుంది. మావాడు మొదటి నెలలో వారానికి మూడు సాయంత్రాలు మాన్‌హట్టన్ వైపు ఉండాలని నియమం పెట్టుకున్నాడు. అది బాగా పనికొచ్చింది.

ఇంకో సంగతి. ఎన్‌వైయూకు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లేదు. 1950ల మొదట్లోనే ఎత్తేశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, చిన్నది కాదు. మిషిగన్ లాంటి చోట శనివారం మ్యాచ్ ఉంటే లక్షమంది పట్టే స్టేడియం నిండుతుంది. మొదటి ఏడాది పిల్లవాడు ఏమీ ఆలోచించక్కర్లేదు, కారిడార్‌లో జనం ఎటు వెళ్తుంటే అటు వెళ్తే చాలు. ఇక్కడ శనివారం 50 వేల పైచిలుకు విద్యార్థులు తలో దిక్కుకు వెళ్లిపోతారు. అందరినీ ఒకచోటికి చేర్చే పని ఎవరూ చేయరు.

నేను విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. మెస్‌లో అందరికీ ఒకే వేళకు భోజనం. కరెంటు పోతే అందరం మేడమీదకు. ఎవరితోనూ స్నేహం చేయకుండా ఉండాలన్నా అక్కడ కుదిరేది కాదు. మన తరం తల్లిదండ్రులకు కాలేజీ అంటే మనసులో మెదిలే బొమ్మ అదే. ఇక్కడి పిల్లవాడు స్నేహం లేకుండా నాలుగేళ్లు గడిపినా పక్కవాళ్లకు తెలియదు. ఈ తేడా పట్టుబడితే మిగతా విషయాలు సులభంగా అర్థమవుతాయి.

గంటల లెక్క

కాన్సస్ యూనివర్సిటీలో జెఫ్రీ హాల్ అనే ప్రొఫెసర్ 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తగా ఊరు మారిన పెద్దవాళ్లనూ, కొత్తగా యూనివర్సిటీలో చేరిన పిల్లలనూ పరిశీలించారు. పరిచయస్తుడు మామూలు స్నేహితుడు కావడానికి సుమారు 50 గంటలు, స్నేహితుడని చెప్పుకోవడానికి 90 గంటలు, ప్రాణస్నేహితుడు కావడానికి 200 గంటలకు పైగా కలిసి గడపాలని తేలింది. క్లాసులో పక్కపక్కన కూర్చున్న గంటలకు అంత బలం లేదట. కలిసి తినడం, తిరగడం, ఊరికే కబుర్లు చెప్పుకోవడం లెక్కలోకి వస్తాయి.

దీన్ని మన సెమిస్టర్‌కు వర్తింపజేద్దాం. సెమిస్టర్ అంటే దాదాపు 15 వారాలు. వారానికి 6 గంటలు ఒకే మనిషితో గడిపితే డిసెంబరుకు 90 గంటలు. రెండు రాత్రి భోజనాలు, ఒక ఆదివారం మధ్యాహ్నం కలిస్తే చాలు. అదే వేగంతో మే నెలకు 200 గంటల దగ్గరికి చేరతారు. అంటే మొదటి ఏడాది పూర్తయ్యేసరికి ఒకరిద్దరు గట్టి స్నేహితులు ఉంటే అది మంచి ఏడాది కిందే లెక్క. ఇన్‌స్టాగ్రామ్‌లో పదిమందితో ఫొటోలు రాలేదని దిగులు పడక్కర్లేదు.

ఈ లెక్కకు ఎక్కడ గండి పడుతుందో కూడా తెలుసుకోవాలి. పెన్ స్టేషన్‌లో రైలెక్కితే గంటలోపే ఎడిసన్. శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం రాత్రి వెళ్లే పిల్లలు మన వాళ్లలో చాలామంది ఉన్నారు. అమ్మ చేతి అన్నం, ఉతికిన బట్టలు, అన్నీ బాగుంటాయి. కానీ కలిసి తిరిగే గంటలన్నీ సరిగ్గా ఆ రెండు రోజుల్లోనే ఉంటాయి. సోమవారం వాళ్లు తిరిగి వెళ్లేసరికి మిగతావాళ్లు వారాంతం గురించి నవ్వుకుంటుంటారు. ఆ నవ్వులో వీళ్లకు పాలు లేదు. నాలుగు వారాలు ఇలా జరిగితే పిలవడం మానేస్తారు. కోపంతో కాదు, "వాళ్లు ఎలాగూ ఉండరుగా" అని.

మొదటి ఆరు వారాలు

ఆగస్టు చివర్లో గదుల్లో చేరతారు. క్లాసులు మొదలయ్యే ముందు వెల్కమ్ కార్యక్రమాలు వరసగా ఉంటాయి. లేబర్ డే అటూఇటూగా క్లాసులు. సెప్టెంబరు మొదట్లోనే క్లబ్బులన్నీ బల్లలు వేసుకుని కూర్చునే క్లబ్ ఫెస్ట్. ఈ రోజుల్లో ఎవరి పక్కనైనా పళ్లెం పట్టుకుని కూర్చోవచ్చు, ఎవరూ వింతగా చూడరు. అందరి ప్రశ్నలూ ఒకటే: ఏ ఊరు, ఏ మేజర్, ఏ హాలు. అక్టోబరు మధ్యకు వచ్చేసరికి గుంపులు ఏర్పడిపోతాయి. అప్పుడు కూర్చోవడానికి కొంచెం ధైర్యం కావాలి.

ఈ ఆరు వారాల్లో చేయదగినవి, పిల్లలు చెప్పినవే చెబుతున్నాను.

పెద్ద లెక్చర్ హాలు మీద ఆశ పెట్టుకోకూడదు. వందలమందిలో రోజూ వేరే సీటు, వేరే ముఖం. చిన్న క్లాసులను పట్టుకోవాలి. ఎన్‌వైయూలో మొదటి ఏడాది పిల్లలు చాలామంది వ్యాసరచన కోర్సు తీసుకోవాలి. అందులో పదిహేనుమంది దాకానే ఉంటారు, ఒకరు రాసింది ఒకరు చదువుతారు. మా అమ్మాయికి ఇప్పటికీ ఉన్న ఇద్దరు స్నేహితురాళ్లలో ఒకరు ఆ క్లాసులో దొరికిన మనిషే. లెక్చర్లకు అనుబంధంగా జరిగే రెసిటేషన్లు కూడా అలాంటివే.

భోజనానికి ఒకే చోటు, ఒకే వేళ పెట్టుకోవాలి. మొదటి ఏడాది హాళ్లలో ఉండేవాళ్లకు మీల్ ప్లాన్ తప్పనిసరి. ఎలాగూ డబ్బు కట్టారు కాబట్టి గదికి తెచ్చుకుని ల్యాప్‌టాప్ ముందు తినే బదులు ఏడు గంటలకు అదే డైనింగ్ హాల్లో అదే మూల కూర్చుంటే, రెండో వారానికి ముఖాలు గుర్తుపడతాయి.

క్లాసు కాగానే "కాఫీకి వెళ్దామా" అని అడగడం నేర్చుకోవాలి. మన పిల్లల్లో చాలామంది ఎవరైనా పిలుస్తారేమోనని చూస్తారు. అవతలివాళ్లు కూడా అదే చూస్తుంటారు.

చేరకముందే ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ గ్రూపులు పుట్టుకొస్తాయి. వాటిలో వందలమంది ఉంటారు. రూమ్‌మేట్‌ను వెతుక్కోవడానికి, పుస్తకాలు అమ్ముకోవడానికి పనికొస్తాయి. అంతకుమించి వాటి నుంచి ఏమీ రాదు.

గది, రూమ్‌మేట్, కారిడార్

వైన్‌స్టీన్, రూబిన్, బ్రిటనీ, లిప్టన్, థర్డ్ నార్త్, ఫౌండర్స్ అనేవి మాన్‌హట్టన్ వైపు మొదటి ఏడాది పిల్లలు ఎక్కువగా ఉండే హాళ్లు. గదికి ఇద్దరు, ఒక్కోచోట ముగ్గురు. ఏ హాలు కొత్తగా ఉంది, ఏ హాల్లో వంటగది ఉంది అని తల్లిదండ్రులు చూస్తారు. ఎక్కడ జనం ఒకళ్లకొకళ్లు ఎదురుపడతారు అన్నది కూడా చూడాలి. ఫెస్టింగర్, షాక్టర్, బ్యాక్ అనే ముగ్గురు పరిశోధకులు ఎంఐటీ ఇళ్ల సముదాయంలో చేసి 1950లో ప్రచురించిన అధ్యయనంలో, మనుషులు అభిరుచులు చూసి కాక పక్క తలుపు, మెట్ల దగ్గరి తలుపు చూసి ఎక్కువగా స్నేహాలు చేసుకున్నారని తేలింది. ఎన్‌వైయూలో చాలా గదులకు బాత్రూమ్ లోపలే ఉంటుంది. సౌకర్యమే, కానీ పళ్లు తోముకుంటూ పక్క గదివాళ్లతో మాట్లాడే అవకాశం పోయింది. దానికి బదులు తలుపు తెరిచి పెట్టడం, కామన్ రూమ్‌లో చదువుకోవడం అలవాటు చేసుకోవాలి.

ప్రతి అంతస్తులోనూ ఆర్‌ఏ ఉంటారు. రెసిడెంట్ అసిస్టెంట్ అంటే పై క్లాసు విద్యార్థే. రూమ్‌మేట్లు కలిసి ఒక ఒప్పందం రాసుకునేలా వాళ్లే చూస్తారు. ఎన్నింటికి లైటు ఆర్పాలి, అతిథులు ఎప్పుడు రావచ్చు, వస్తువులు పంచుకోవచ్చా లేదా అనేవి అందులో ఉంటాయి. మనవాళ్లు మొహమాటానికి "ఏదైనా పరవాలేదు" అని రాసేస్తారు. అలా రాయకండి. మా అమ్మాయి తన ఒప్పందంలో రెండు విషయాలు రాయించింది: రాత్రి ఒంటిగంట తర్వాత గదిలో అతిథులు వద్దు, గోంగూర సీసా మూత తీసేటప్పుడు కిటికీ తెరుస్తాను. ఒహైయో నుంచి వచ్చిన ఆ రూమ్‌మేట్ డిసెంబరుకల్లా అదే గోంగూర రొట్టెకు రాసుకుని తినేది.

రూమ్‌మేట్ ప్రాణస్నేహితురాలు కావాలని లేదు. మర్యాదగా ఉంటే చాలు. బయటివాళ్లు ఎవరొచ్చినా కింద సెక్యూరిటీ దగ్గర ఫొటో ఐడీ చూపించి పేరు రాయించుకోవాలి. తల్లిదండ్రులు చెప్పకుండా వెళ్లి తలుపు తట్టే వీలు లేదు, అది మంచిదే.

క్లబ్బులు: రెండు చాలు

క్లబ్ ఫెస్ట్‌లో పిల్లలు ఇరవై బల్లల దగ్గర ఈమెయిల్ రాసి వస్తారు. ఆ ఇరవైలో పద్దెనిమిది ఉత్తరాలుగా మిగిలిపోతాయి. రెండు ఎంచుకోవడం మేలు. ఒకటి ఇష్టం కోసం, ఒకటి వారం వారం తప్పనిసరిగా వెళ్లాల్సింది. డాన్స్ టీమ్, నాటకం, రోయింగ్, విద్యార్థి పత్రిక, వారాంతపు సేవాకార్యక్రమం లాంటివి రెండో రకం. మీరు రాకపోతే ఎవరో ఒకరు "ఎక్కడున్నావ్" అని మెసేజ్ పెట్టాలి. అలాంటి చోటే గంటలు పోగవుతాయి. పన్నెండేళ్లు కూచిపూడి నేర్చుకుని అరంగేట్రం కాగానే గజ్జెలు అటకెక్కించిన పిల్లలు ఎందరో మనకు తెలుసు. అవి కిందకు దించడానికి ఇది మంచి సమయం. బాలీవుడ్ ఫ్యూజన్, భాంగ్రా, గర్బా, శాస్త్రీయ నృత్య బృందాలు ఈ దేశంలో పెద్ద యూనివర్సిటీలన్నింటిలోనూ ఉన్నాయి. సెప్టెంబరులో ఆడిషన్లు, ఆపైన ఏడాదంతా సాధన.

ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. బిజినెస్, ఫైనాన్స్, కన్సల్టింగ్ క్లబ్బుల్లో కొన్నింటికి దరఖాస్తు, ఇంటర్వ్యూ ఉంటాయి. హైస్కూల్లో అన్నింటా ముందున్న పిల్లలకు సెప్టెంబరులోనే మూడు తిరస్కరణలు వస్తే దెబ్బ తగులుతుంది. అది చదువుకు సంబంధించిన తీర్పు కాదనీ, ఎంపిక లేని క్లబ్బులే ఎక్కువనీ వాళ్లకు తెలిసి ఉండాలి.

మనవాళ్లలోనే ఉండాలా?

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు, రెండు వైపుల నుంచీ. కొందరు తల్లులు "మన పిల్లలతోనే ఉంటే నిశ్చింత" అంటారు. కొందరు తండ్రులు "అంతదూరం పంపింది మళ్లీ మనవాళ్లతో తిరగడానికా" అంటారు.

నేను చూసినంతలో దేశీ గుంపు మొదటి మెట్టుగా బాగా పనికొస్తుంది. వివరించి చెప్పక్కర్లేని విషయాలు కొన్ని ఉంటాయి: ఇంట్లో చెప్పులు ఎందుకు విడుస్తారు, అమ్మ రోజుకు రెండుసార్లు ఎందుకు ఫోన్ చేస్తుంది లాంటివి. అయితే ఈ గుంపులో కూడా గదులు ఉన్నాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు ఒకవైపు, హైదరాబాదు, విజయవాడల నుంచి నేరుగా వచ్చినవాళ్లు మరోవైపు కూర్చుంటారు. టాండన్‌లో ఎంఎస్ చేసే తెలుగు విద్యార్థులు గణనీయంగా ఉన్నారు. మావాడికి తెలుగులో జోకు వేయడం వచ్చింది వాళ్లతో క్రికెట్ ఆడిన తర్వాతే. మొదటి నెల వాడి యాసకు వాళ్లు నవ్వారు, వీడూ నవ్వాడు, అక్కడితో సరిపోయింది.

ఈ దేశంలో అంతర్జాతీయ విద్యార్థులు ఎక్కువగా ఉన్న యూనివర్సిటీగా ఎన్‌వైయూ చాలా ఏళ్లుగా మొదటి స్థానంలో ఉంటోంది. సియోల్ నుంచి, లాగోస్ నుంచి, సావోపాలో నుంచి వచ్చినవాళ్లకు ఇంటికి వెళ్లే రైలు లేదు. వారాంతాల్లో వాళ్లు ఉంటారు. మన పిల్లవాడు కూడా ఉంటే స్నేహం కుదురుతుంది.

తక్కువ ఖర్చుతో ఊరు

చదువు, గది, తిండి కలిపి ఏడాదికి 90 వేల డాలర్లు దాటుతోంది. దాని మీద షికార్ల ఖర్చు. పక్క గదిలో అమ్మాయి వారానికి మూడుసార్లు బయట తింటుంది, ఒక్కో భోజనం చిట్కెలో 30 డాలర్లు. వద్దంటే పిసినారి అనుకుంటారేమోనని భయం, వెళ్తే నెలాఖరుకు ఖాతా ఖాళీ. ఈ కారణంతో గదిలో ఉండిపోయిన పిల్లలు నాకు తెలుసు. ఎవరో పిలిస్తే వద్దనడం కన్నా, తానే చవకైన చోటికి పిలవడం మంచి ఉపాయం. కొన్ని చోట్లు ఇవి:

వాషింగ్టన్ స్క్వేర్ పార్కు. నైరుతి మూల చదరంగం బల్లలు, ఫౌంటెన్ దగ్గర పాటగాళ్లు. పార్కు దక్షిణం వైపు శ్రీలంక తమిళుడి దోసె బండి ఏళ్లుగా పేరున్నది.

స్టాటెన్ ఐలండ్ ఫెర్రీ. టికెట్ లేదు. స్వేచ్ఛా ప్రతిమ పక్కనుంచి వెళ్లి వస్తుంది. సాయంత్రం గంటన్నర కబుర్లకు ఇంతకన్నా మంచి చోటు లేదు.

మెట్రోపాలిటన్ మ్యూజియం. న్యూయార్క్, న్యూజెర్సీ, కనెక్టికట్ విద్యార్థులు తోచినంత ఇచ్చి లోపలికి వెళ్లొచ్చు.

లెక్సింగ్టన్ అవెన్యూ, 28వ వీధి పరిసరాలు. కర్రీ హిల్ అంటారు. ఇడ్లీ, దోసె, బిర్యానీ, మసాలా దినుసులు.

జర్నల్ స్క్వేర్. తొమ్మిదో వీధిలో పాత్ రైలెక్కితే జెర్సీ సిటీలోని ఇండియా స్క్వేర్‌కు చేరతారు. మాన్‌హట్టన్ కన్నా చవక.

ఫ్లషింగ్ గణేశుడి గుడి. 1977లో ప్రతిష్ఠ జరిగింది. సెవెన్ రైలు చివరి స్టేషన్‌లో దిగి కాస్త నడవాలి. కింద క్యాంటీన్‌లో దోసెలు తినడానికి మా అమ్మాయి ఏ మతం వాళ్లనైనా తీసుకెళ్లేది. రానూపోనూ ప్రయాణం, భోజనం కలిపి అరపూట. స్నేహం లెక్కలో నాలుగైదు గంటలు.

పార్టీలు, మందు, చట్టం

దీని గురించి మన ఇళ్లలో మాట్లాడరు. మాట్లాడకపోతే పోయే విషయం కాదు. న్యూయార్క్‌లో 21 ఏళ్లు నిండితేనే మద్యం. మొదటి ఏడాది పిల్లలకు 18. అయినా గదుల్లో, అపార్ట్‌మెంట్లలో, నకిలీ ఐడీతో బార్లలో జరిగేది జరుగుతూనే ఉంటుంది. తాగని పిల్లలు కూడా ఎందరో ఉన్నారు. చేతిలో సోడా గ్లాసుతో నిలబడితే ఎవరూ రెండోసారి అడగరని మా పిల్లలిద్దరూ చెప్పారు.

మూడు విషయాలు తప్పక చెప్పి పంపండి. ఒకటి, నకిలీ ఐడీ నేరం. రెండు, న్యూయార్క్ రాష్ట్రంలో 2021 నుంచి 21 దాటినవాళ్లకు గంజాయి చట్టబద్ధమే అయినా, ఫెడరల్ చట్టం ప్రకారం అది నేరమే, యూనివర్సిటీ భవనాల్లో నిషిద్ధం. హెచ్4లోనో, ఎఫ్1లోనో ఉన్న పిల్లలు, గ్రీన్‌కార్డు కోసం ఎదురుచూస్తున్న కుటుంబాల పిల్లలు దాని జోలికి అసలు పోకూడదు. పౌరసత్వం ఉన్న స్నేహితుడికి మామూలు విషయమైనది వీళ్లకు ఇమ్మిగ్రేషన్ సమస్య కాగలదు. మూడు, ఎవరైనా ఎక్కువ తాగి స్పృహ తప్పితే 911కు ఫోన్ చేయడానికి వెనకాడకూడదు. అలా సాయం పిలిచినవాళ్లకు, సాయం పొందినవాళ్లకు కొన్ని కేసుల నుంచి రక్షణ ఇచ్చే చట్టం ఈ రాష్ట్రంలో 2011 నుంచి అమల్లో ఉంది. "మన పేరు బయటికొస్తుందేమో" అనే భయంతో ఒక్క నిమిషం ఆలస్యం చేసినా ప్రాణం పోవచ్చు.

ఒంటరితనం ముదిరితే

మొదటి రెండు నెలలు ఒంటరిగా అనిపించడం అందరికీ ఉండేదే. అది తగ్గకుండా పెరుగుతుంటే గుర్తులు కనిపిస్తాయి: పగలు నిద్ర, రాత్రి మేలుకోవడం, భోజనాలు మానేయడం, క్లాసులు ఎగ్గొట్టడం, మాటల్లో ఒక్క మనిషి పేరూ వినిపించకపోవడం. ఎన్‌వైయూలో వెల్‌నెస్ ఎక్స్‌ఛేంజ్ అనే విభాగానికి రాత్రీపగలూ ఫోన్ చేయొచ్చు. దేశమంతటా 988 అనే నంబరు 2022 నుంచి పనిచేస్తోంది. కౌన్సెలర్ దగ్గరికి వెళ్తే పిచ్చి అనుకునే కాలం కాదిది. పళ్ల నొప్పికి డెంటిస్టు దగ్గరికి వెళ్లినట్టే.

తల్లిదండ్రులకు

పిల్లలు కాలేజీలో చేరాక 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం వాళ్ల చదువు రికార్డుల మీద హక్కులు వాళ్లవే. ఫీజు మనం కట్టినా, సాధారణంగా విద్యార్థి అనుమతి లేకుండా మార్కులు, హాజరు మనకు చెప్పరు. కాబట్టి మనకు తెలిసేదంతా పిల్లల నోటి నుంచే తెలియాలి. ఆ నోరు మూయించేలా మనం మాట్లాడకూడదు. ఫోన్లో లొకేషన్ చూసి "రాత్రి పదకొండుకు బ్రూక్లిన్‌లో ఏం పని" అని అడిగితే తర్వాతి వారం ఫోన్ గదిలో వదిలి వెళ్తారు.

నా ఆఫీసు నుంచి మా అమ్మాయి హాలు ఇరవై నిమిషాల నడక. తను పిలిస్తేనే వెళ్లేదాన్ని. మేమిద్దరం మొదట్లోనే ఒప్పందం చేసుకున్నాం: అక్టోబరు బ్రేక్ దాకా ఇంటికి రాదు, ఆదివారం సాయంత్రం ఒక పెద్ద ఫోన్, మిగతా రోజుల్లో ఇష్టమైతే మెసేజ్. మూడో వారం వాళ్ల నాన్న పులిహోర తీసుకెళ్లి ఇచ్చొస్తానన్నారు. "నలుగురికి సరిపడా తెండి నాన్నా, పైకి మాత్రం రాకండి" అంది. అలాగే చేశారు. ఆ పులిహోర కారిడార్‌లో ఏడుగురు తిన్నారట.

ఎడిసన్‌లో ఉన్నా, ఎర్వింగ్‌లో ఉన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది. ఇంటికి వచ్చే తేదీలు ముందే రాసుకోండి. పండుగలకు రమ్మనండి, అయితే వస్తూ ఒక స్నేహితుడిని వెంటబెట్టుకు రమ్మనండి. థాంక్స్‌గివింగ్‌కు ఎక్కడికీ వెళ్లలేని పిల్లలు ప్రతి హాల్లోనూ ఉంటారు. మన భోజనాల బల్ల దగ్గర ఇంకో కుర్చీ వేస్తే మన పిల్లవాడికే మేలు.

మొదటి సెమిస్టర్ సరిగ్గా సాగకపోతే జనవరిలో ఇంకో అవకాశం ఉంది. కొత్త క్లాసులు, కొత్త రెసిటేషన్లు. చాలా క్లబ్బులు మళ్లీ కొత్తవాళ్లను తీసుకుంటాయి. రెండో ఏడాది ఎవరితో కలిసి గది తీసుకోవాలో వసంతంలో తేల్చుకోవాలి కాబట్టి, సెప్టెంబరులో తొందరపడి కట్టిన గుంపులు ఆ నెలల్లో విడిపోతుంటాయి, కొత్తవి ఏర్పడుతుంటాయి. నేను చెప్పిన ఇద్దరు స్నేహితురాళ్లలో రెండో అమ్మాయి మావాళ్లకు ఫిబ్రవరిలో పరిచయమైంది.

ఫోన్లో మనం అలవాటుగా అడిగే ప్రశ్న "తిన్నావా?" దానికి "ఆ, తిన్నా" అనే జవాబు తప్ప ఇంకేం వస్తుంది? "ఎవరితో తిన్నావు?" అని అడగండి. ఒక పేరు వస్తే ఆ పేరు గుర్తుపెట్టుకుని వచ్చే ఆదివారం వాళ్లెలా ఉన్నారని అడగండి. మూడు ఆదివారాలు వరసగా ఏ పేరూ రాకపోతే, ఆ వారం ఆఫీసు మానుకునైనా వెళ్లి, పిల్లవాణ్ని బయటికి తీసుకెళ్లి, వాళ్లతో కలిసి భోంచేసి రండి.